నిధి సేకరణ పేరుతో పాఠశాల అధిక ధరల వస్తువులు అంటగడుతుంటే తల్లిదండ్రులు ఏం చేయవచ్చు?

మూడో తరగతి చదివే మీ బాబు చేతికి ఆరు టిఫిన్ డబ్బాలున్న అట్టపెట్టె ఇచ్చి, ఆటస్థలం నిధి కోసం వాటిని బంధువులకూ ఇరుగుపొరుగులకూ అమ్మించమన్నారని, ధర చూస్తే బజారుకు రెట్టింపు ఉందని, కొనేది లేదంటే బాబు చిన్నబుచ్చుకుంటాడని, కొందామంటే మీకు మనసొప్పడం లేదని రాశారు. విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఉంటున్న మేము ఇదే అవస్థను వరుసగా మూడేళ్లు పడ్డాం. నేను ఒక ప్రైవేటు సంస్థలో ఖాతాలు రాసే ఉద్యోగం చేస్తాను కాబట్టి నా జవాబులో అంకెలు కాస్త ఎక్కువగా ఉంటే మన్నించండి.

మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా తొలిసారి ఆ పెట్టె ఇంటికి వచ్చింది. గ్రంథాలయానికి పుస్తకాలు కొనడం కోసమని చెప్పి, పాఠశాల చిహ్నం ముద్రించిన స్టీలు నీళ్ల సీసాలు అయిదు, ఒక్కొక్కటి 350 రూపాయలకు ఇచ్చారు. ఆ ఏడాది మేము మారుమాట లేకుండా 1,750 రూపాయలు కట్టేశాం. రెండు సీసాలు వాడుకలోకి వచ్చాయి, మూడు అటకెక్కాయి. ఆ తరువాత మావారు పూర్ణా మార్కెట్లో అదే కొలత, అదే మందం ఉన్న సీసాను 180 రూపాయలకు చూసి వచ్చారు. చూసినవారు ఊరుకోవచ్చు కదా, భోజనాల దగ్గర ఆ మాట చెప్పనే చెప్పారు.

రెండో ఏడు అన్నీ మేమే కొనకూడదని నిశ్చయించుకుని, అమ్మాయిని వెంటబెట్టుకుని మా అపార్టుమెంటులో తలుపులు తట్టాను. మళ్లీ జన్మలో చేయకూడదనుకున్న పనుల్లో అదొకటి. కింది అంతస్తులో ఉండే విశ్రాంత ఉపాధ్యాయురాలు, పింఛను మీద ఒంటరిగా బతుకుతున్న పెద్దావిడ, "నాకెందుకమ్మా ఈ సీసా, అయినా పాప వచ్చి అడిగింది కదా" అంటూ పర్సులోంచి డబ్బు లెక్కపెట్టి ఇచ్చారు. వద్దనడానికి నాకు నోరు రాలేదు, తీసుకోవడానికి చేయి రాలేదు, ఆఖరికి తీసుకున్నాను. రెండు నెలలు తిరగకముందే మూడో అంతస్తు వారి అబ్బాయి తన పాఠశాల తరఫున 200 రూపాయల క్యాలెండరుతో మా గుమ్మంలో నిలబడ్డాడు. మా సీసా కొన్నవారి బిడ్డను ఉత్త చేతులతో ఎలా పంపుతాం? పెళ్లిలో చదివింపుల వంటిదే ఇదీ: ఎవరు ఎంత చదివించారో మనసులో రాసి ఉంచుకుని, వారింటి పెళ్లికి అంతకు తగ్గకుండా తిరిగి చదివించవలసిందే. కాకపోతే చదివింపులు పెళ్లివారికే చేరతాయి. ఇక్కడ మా అపార్టుమెంటులోనే తిరుగుతున్న డబ్బులోంచి తిరిగిన ప్రతిసారీ ఊరూపేరూ తెలియని సరఫరాదారు తన వాటా తీసుకుపోతున్నాడు.

ధర కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది తరగతి గోడ మీద అంటించిన పట్టిక. ఎవరు ఎన్ని వస్తువులు అమ్మితే వారి పేరు ఎదుట అన్ని నక్షత్రాలు, అందరికన్నా ఎక్కువ అమ్మినవారికి బహుమతి. ఆ నక్షత్రాలు పిల్లల శ్రమకు గుర్తులు కావు, తల్లిదండ్రుల జేబుకూ బంధుబలగానికీ గుర్తులని పదకొండేళ్ల పిల్లకు ఎలా చెప్పగలం? తన పేరు ఎదుట ఒకటే నక్షత్రం ఉన్న స్నేహితురాలు ఆ వారం రెండు రోజులు బడికి రాలేదని మా అమ్మాయి చెప్పింది. కారణం అదేనని నేను నిశ్చయంగా అనలేను గానీ, ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మూడో ఏడు పెట్టె రాగానే దాన్ని విప్పకుండా పాఠశాల కార్యాలయానికి వెళ్లి, ఒక్కటే ప్రశ్న అడిగాను: ఈ 350 రూపాయల్లో గ్రంథాలయానికి చేరేది ఎంత? అక్కడ లెక్కలు చూసే ఉద్యోగి, నాకూ ఆ వృత్తే అని తెలిశాక కాబోలు, దాచకుండా చెప్పారు. సీసా ఇచ్చిన సరఫరాదారుకు 260 రూపాయలు, బహుమతులకూ రవాణాకూ 30, గ్రంథాలయానికి మిగిలేది 60. అంటే తొలి ఏడు మేము కట్టిన 1,750 రూపాయల్లో పుస్తకాలకు చేరినది 300 మాత్రమే. నేను ఆ రోజే 500 రూపాయలు నేరుగా కట్టి ఉంటే గ్రంథాలయానికి మరో 200 దక్కేవి, మాకు 1,250 మిగిలేవి, అటక ఖాళీగా ఉండేది.

పాఠశాలవారు ఆ డబ్బు తినేశారని నేను అనడం లేదు. సరఫరాదారు సరుకును అప్పుగా తెచ్చి ఇస్తాడు, అమ్ముడుపోనిది వెనక్కి తీసుకుంటాడు, పట్టికను, నక్షత్రాలను కూడా తనే అచ్చువేసి తెస్తాడు. పాఠశాల పెట్టుబడి పెట్టనవసరం లేదు, నష్టం వస్తుందన్న భయం లేదు. పని తెలియనివారికి ఇది సులువైన దారిగా కనిపించడంలో వింత లేదు. ఆ సులువుకు ధర చెల్లిస్తున్నది మనమని వారికి ఎవరూ లెక్క వేసి చూపకపోవడమే అసలు చిక్కు.

చట్టం పేరు చెప్పి భయపెట్టవచ్చా అని మీరు అడిగారు కాబట్టి ఆ సంగతి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల ప్రకటించిన ఫీజు కాకుండా తీసుకునే విరాళమైనా, మరే చెల్లింపైనా క్యాపిటేషన్ ఫీజే అవుతుంది. దానిని వసూలు చేస్తే అందుకు పది రెట్ల వరకూ జరిమానా వేయవచ్చు. అయితే ఆ నిషేధం బిడ్డను చేర్చుకునే సమయానికి సంబంధించినది. ఏడాది మధ్యలో జరిగే, కొనడం మీ ఇష్టమని చీటీలో రాసి ఉన్న అమ్మకానికి దానిని సాగదీయడం కష్టం. గరిష్ఠ చిల్లర ధర నిబంధన కూడా ఇక్కడ అక్కరకు రాదు, ఎందుకంటే ముద్రించిన ధరను మించి అమ్మడం తప్పు గానీ ముందే పెద్ద ధర ముద్రించుకోవడాన్ని అది ఆపదు. మా సీసా మీద శుభ్రంగా 350 అనే ఉంది. ఉపయోగపడే చట్టం మరొకటి ఉంది. పాఠశాలను నడిపే ట్రస్టుకు ఆదాయపు పన్ను చట్టం కింద విరాళాలకు పన్ను మినహాయింపు ఇప్పించే గుర్తింపు (1961 నాటి చట్టంలో 80జి సెక్షన్) ఉంటే, నేరుగా ఇచ్చిన విరాళానికి పాత పన్ను విధానంలో ఉన్నవారు మినహాయింపు కోరవచ్చు. నగదుగా ఇస్తే 2,000 రూపాయలు దాటకూడదు, ఆపైన అయితే చెక్కు ద్వారానో ఆన్‌లైన్‌లోనో చెల్లించాలి. సీసా కొంటే అది కొనుగోలే గానీ విరాళం కాదు, మినహాయింపు ఊసే ఉండదు. ఈ తేడా చెప్పగానే మా తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ బృందంలో అంతవరకూ మౌనంగా ఉన్న ఇద్దరు ముగ్గురు తండ్రులు కదిలారు!

చివరకు పదకొండు మందిమి సంతకాలు చేసి ప్రధానోపాధ్యాయురాలికి ఒక ఉత్తరం ఇచ్చాం. అందులో కోపం లేదు. గ్రంథాలయానికి మేము తప్పకుండా ఇస్తాం, వస్తువు లేకుండా రసీదు మీద నేరుగా కట్టే వీలు కల్పించండి, గోడ మీద పట్టిక తీసేయండి, ఎంత వచ్చిందో, ఏ పుస్తకాలు కొన్నారో ఏడాది చివర నోటీసు బోర్డు మీద పెట్టండి అన్న మూడు కోరికలే ఉన్నాయి. మొదటి రెండూ నెరవేరాయి. మూడోది ఇప్పటికీ నెరవేరలేదు, నేను అడగడం మానలేదు. సీసాల అమ్మకం కూడా పూర్తిగా ఆగలేదు. పాఠశాల చిహ్నం ఉన్న వస్తువంటే ముచ్చటపడి కొనే తల్లిదండ్రులు ఉన్నారు, వారిని కాదనే హక్కు మాకు లేదు.

ఆ మరుసటి సంవత్సరం పిల్లల దినోత్సవానికి జరిగిన చిన్న సంత మాత్రం నాకు బాగా నచ్చింది. యలమంచిలి దగ్గర పుట్టిల్లు ఉన్న ఒక తల్లి ఏటికొప్పాక వెళ్లి, లక్క రంగులు వేసిన అంకుడు కర్ర బొమ్మలు తెచ్చి, కొన్న ధర ఎంతో, దాని మీద గ్రంథాలయం కోసం కలిపిన 20 రూపాయలు ఎంతో విడివిడిగా చీటీ మీద రాసి పెట్టారు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలవి. వాటి ధర గురించి గొణిగినవారు ఒక్కరూ లేరు. ఎదుటివారి లాభం కంటికి కనబడుతుంటే ఇచ్చే చేయి ముడుచుకోదని అక్కడ చూశాను.

మీ విషయంలో తొందరపడవలసినది ఒకటే. మీ పెట్టె ఇంకా విప్పలేదని రాశారు, విప్పకండి. ఒక్కదాని మూత తీసినా మొత్తం పెట్టెను వెనక్కి తీసుకునేది లేదని మా దగ్గర అన్నారు, మీ దగ్గరా అదే పద్ధతి కావచ్చు. రేపు బాబు చేత కాకుండా మీరే స్వయంగా తీసుకువెళ్లి అప్పగించి, అందినట్టు సంతకం తీసుకుని, ఆటస్థలానికి మీరు ఇవ్వదలచినంత అక్కడే కట్టి రసీదు అడగండి. ఆ రసీదు బాబుకు చూపించండి. మా అమ్మాయి దానిని తన డైరీలో అంటించుకుంది.