బెల్లం–సున్నం తొట్టిలో నీలిమందు రంగు ఎందుకు పట్టడం లేదు?

బెల్లం, సున్నం వేసి వారమైనా తొట్టి నీళ్ళు ముదురు నీలంగానే ఉన్నాయి, అద్దిన గుడ్డ ఉతికితే రంగు పోతోంది, హైడ్రోస్ (నీలిమందును కరిగించే రసాయన పొడి) లేకుండా కుదురుతుందా అని అడిగారు.

తప్పకుండా కుదురుతుంది. మీ తొట్టి ఇంకా పులవలేదు, అంతే. నీలిమందు నీళ్ళలో కరగదు. హైడ్రోస్ లేని ఇలాంటి తొట్టిలో, క్షారంలో బతికే బ్యాక్టీరియా దాన్ని క్షయకరణం చేస్తేనే, అంటే దానికి ఎలక్ట్రాన్లు ఇచ్చి రూపం మారిస్తేనే, కరిగి నూలులోకి దిగుతుంది. జపాన్ నీలి తొట్లలోంచి వేరుచేసిన ఆల్కలిబ్యాక్టీరియం జాతులు చేసేది ఈ పనే. సున్నం ఎక్కువైతే పీహెచ్ (క్షారం ఎంత ఘాటుగా ఉందో చెప్పే కొలత) 12 దాకా పోతుంది, అక్కడ అవి పనిచేయవు. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజ్ (మామూలు చక్కెర), అది సొంతంగా నీలిమందును క్షయకరించలేదు.

20 లీటర్ల తొట్టికి ఇలా పెట్టండి. 100 గ్రాముల నీలిమందు రాత్రంతా నానబెట్టి గంధంలా నూరాలి. పలుకులుంటే అడుక్కి చేరి వృథా. 100 గ్రాముల తగిరిస (తంటెం) గింజలు 2 లీటర్ల నీళ్ళలో మెత్తగా జిగురొచ్చేదాకా ఉడికించి, చల్లారాక గింజలతో సహా పోయండి. మన దక్షిణాది నీలి తొట్లకు పాతకాలం నుంచీ ఇదే మేత. పాత తొట్టి నీళ్ళు లీటరు దొరికితే పెరుగుకు తోడులా పనికొస్తాయి, లేకపోతే పిడికెడు పచ్చి గోధుమ పొట్టు. చాకలిసోడా చెంచా చెంచాగా కలుపుతూ పీహెచ్ 10.5 దగ్గర ఆపండి. మూతపెట్టి 30–35 డిగ్రీల వెచ్చదనంలో ఉంచి, రోజుకోసారి అడుగు నుంచి నెమ్మదిగా కలపండి. చిలికితే గాలి చేరి పని వెనక్కి పోతుంది.

వారం, పది రోజుల్లో పైన రాగిరంగు మీగడ, నీలి నురగ కడతాయి. మీగడ పక్కకి తోస్తే కింద నీళ్ళు పసుపుపచ్చగా ఉండాలి. అలా కనబడేదాకా గుడ్డ ముంచొద్దు. ఇక్కడే చాలామంది తొందరపడతారు, కరగని నీలిమందు పైపైన అంటుకుని ఉతుకులో పోయేది అందుకే.

పులిసేకొద్దీ ఆమ్లాలు పుట్టి పీహెచ్ పడిపోతుంది, కాబట్టి రోజూ పీహెచ్ కాగితంతో చూడండి. 9.5కి దిగితే అర చెంచా సున్నం చాలు. 9 కిందికి పోయి కుళ్ళువాసన వస్తే వేరే బ్యాక్టీరియా చేరినట్టే. 11 దాటి వాసనా మీగడా లేకపోతే సున్నం ఆపి, గింజల గంజి ఇంకో అర లీటరు పోసి ఆగండి.

గంజి పోయేలా సోడాతో ఉడకబెట్టిన గుడ్డను తడిపి పిండి, మడ్డి తగలకుండా 5 నిమిషాలు ముంచండి. పచ్చగా పైకి వచ్చి గాలికి నీలం తిరుగుతుంది. 15 నిమిషాలు ఆరబెట్టి మళ్ళీ ముంచండి. ఒక్క పొడుగు ముంపు కన్నా అయిదారు పొట్టి ముంపులతో రంగు గట్టిగా నిలుస్తుంది. చివర్లో కొద్దిగా వెనిగర్ కలిపిన నీళ్ళలో జాడిస్తే గుడ్డలో మిగిలిన క్షారం విరుగుతుంది. చేతులకు గ్లౌజులు తప్పనిసరి.