ఎండాకాలం డాబా మీద టమాటా ఎందుకు ఎర్రబడదు?

సంక్రాంతికి ఎర్రగా పండిన టమాటా, అదే ప్యాకెట్ విత్తనాలతో వేస్తే మే నెలలో పసుపు, నారింజ రంగు దగ్గరే ఆగిపోయిందని, విత్తనం కల్తీదేమోనని విజయవాడ నుంచి అడిగారు. ప్యాకెట్ ఒకటే కదా, విత్తనాన్ని అనుమానించక్కర్లేదు. మాది గుంటూరు. వేసవిలో మా డాబా మీదా ఇదే రంగు.

టమాటాకు ఎరుపునిచ్చేది లైకోపీన్. అది బాగా తయారయ్యేది సుమారు 20 నుంచి 25 డిగ్రీల మధ్య. 30 దాటాక బాగా తగ్గిపోతుంది. పసుపు రంగునిచ్చే బీటా కెరోటిన్ మాత్రం ఆ వేడిలోనూ తయారవుతూనే ఉంటుంది. అందుకే కాయ మెత్తబడుతుంది, పండుతుంది, ఎర్రబడదు. పైగా నేరుగా ఎండ తగిలే కాయ చుట్టూ ఉన్న గాలికంటే ఎక్కువగా వేడెక్కుతుంది. కింద సిమెంటు డాబా సంగతి చెప్పక్కర్లేదు. వేసవిలోనూ మదనపల్లె టమాటా ఎర్రగానే వస్తోంది కదా అంటారేమో. ఆ ఊరు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రిళ్లు మనకంటే చల్లన.

కాయకు ఎండ తగిలితే ఎర్రబడుతుందని కొందరు ఆకులు తుంచేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. వెలుతురుతో రంగు తెచ్చుకునేది వంకాయ. నల్ల వంకాయ తొడిమ ఎత్తి చూడండి, కింద తెల్లగా ఉంటుంది. టమాటాకు కాయ మీద ఎండ అక్కర్లేదు. ఆకులు పోతే కాయ మీద తెల్లమచ్చ పడి, అక్కడి నుంచే కుళ్లుతుంది.

నేనైతే కాయ అడుగున కాస్త రంగు తిరగ్గానే కోసేస్తాను. కింది అంతస్తులో చల్లగా ఉండే గదిలో పేపరు మీద ఒక్క వరుసగా పరుస్తాను. డాబా కింద గది మాత్రం వద్దు, అదీ కొలిమే. చలికాలపు ఎరుపు రాదుగానీ చెట్టు మీద వదిలేసినదానికంటే చాలా నయం. పక్కన అరటిపండు పెట్టమంటారు. దానివల్ల త్వరగా పండుతుంది, అంతే. గది వేడిగా ఉంటే త్వరగా పసుపురంగులోనే పండుతుంది. ఫ్రిజ్‌లో పెడితే పచ్చికాయ రంగు తిరగడమే ఆగిపోతుంది, రుచీ పోతుంది.

మరి మిరపకాయ ఎర్రగానే ఉంటుందిగా అని మా ఊళ్లో అందరూ అడిగేదే. దాని ఎరుపు వేరే పదార్థం, క్యాప్సాంథిన్. అయినా ఎండుమిర్చిని వేడిలో నిల్వ ఉంచితే ఆ రంగూ దిగిపోతుంది. గుంటూరు చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు ఉండటానికి అదీ ఒక కారణం.

మధ్యాహ్నపు ఎండ పడే వైపు 50 శాతం షేడ్ నెట్ కట్టండి. ఈ వేడికి పూత ఎలాగూ రాలుతుంది కాబట్టి మే కాపు మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ఆగస్టు, సెప్టెంబరుల్లో నారు పోసుకోండి. చలికాలంలో కూడా తొడిమ చుట్టూ పసుపుగా, గట్టిగా ఉంటే అప్పుడు పొటాష్ తక్కువైందేమో చూడాలి.