జెనెటిక్స్, మాలిక్యులర్ బయాలజీ: ఏం చదవాలి, ఎలా చదవాలి?

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నాను. జెనెటిక్స్, మాలిక్యులర్ బయాలజీ అంటే ఇష్టం. పీజీ చేసి పరిశోధన వైపు వెళ్లాలని ఉంది. క్లాసు నోట్సు సరిపోవడం లేదు. వెతికితే వందల వీడియోలు, పీడీఎఫ్‌లు వస్తున్నాయి. డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవడమే తప్ప ఏదీ పూర్తిగా చదవలేకపోతున్నాను. దేన్ని నమ్ముకోవాలో చెప్పండి.

జవాబు: ముందు ఆ పీడీఎఫ్‌ల ఫోల్డర్ జోలికి కొన్నాళ్లు వెళ్లకండి. ఈ రెండు సబ్జెక్టులకూ మంచి మెటీరియల్ ఉచితంగానే బోలెడంత ఉంది. చిక్కల్లా వాడుకునే తీరులోనే. జెనెటిక్స్ లెక్కలు చేస్తే వస్తుంది, మాలిక్యులర్ బయాలజీ ప్రయోగాలు చదివితే వస్తుంది. రెండింటినీ నోట్సు రాసుకుని బట్టీపడితే పరీక్ష గట్టెక్కుతారేమో గానీ, పీజీ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

జెనెటిక్స్ సంగతి చూద్దాం. రెండు జన్యువులకు టెస్ట్ క్రాస్ (అంతర్గత లక్షణాలు మాత్రమే ఉన్న జీవితో సంకరం) చేస్తే 1000 సంతానంలో నాలుగు రకాలు 410, 390, 102, 98 చొప్పున వచ్చాయనుకోండి. ఆ జన్యువులు వేర్వేరు క్రోమోజోముల మీద ఉంటే ఒక్కో రకం 250కి అటూఇటుగా రావాలి. అలా రాలేదంటే రెండూ ఒకే క్రోమోజోమ్ మీద దగ్గర దగ్గరగా ఉన్నాయన్నమాట. తక్కువగా వచ్చిన రెండు రకాలనూ (జన్యువుల కలయిక మారినవి ఇవే) కలిపితే 200, అంటే 20 శాతం. ఒక శాతానికి ఒక సెంటీమోర్గాన్ చొప్పున జన్యువుల మధ్య దూరం 20 సెంటీమోర్గాన్లు. వీడియోలో చూస్తున్నంతసేపూ ‘ఓస్, ఇంతేనా’ అనిపిస్తుంది. ఇదే లెక్క మూడు జన్యువులకు ఇచ్చి, మధ్యలో ఉన్నది ఏదో చెప్పమంటే చాలామంది పెన్ను పక్కన పెట్టేస్తారు. అందుకే మీకు వీడియోల కన్నా ప్రాబ్లమ్ సెట్లు ముఖ్యం. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో బయాలజీ, జెనెటిక్స్ కోర్సులకు అవి జవాబులతో సహా ఉన్నాయి. జవాబు చూసే ముందు కనీసం అరగంట కుస్తీ పట్టండి. వారానికి నాలుగైదు లెక్కలు చేసినా చాలు, కానీ వారం తప్పకూడదు.

మాలిక్యులర్ బయాలజీలో ప్రతి వాక్యానికీ ‘ఇది ఎలా తెలిసింది?’ అని అడగడం అలవాటు చేసుకోండి. డీఎన్ఏ రెట్టింపయ్యేటప్పుడు ఒక్కో కొత్త అణువులో ఒక పాత పోగు, ఒక కొత్త పోగు ఉంటాయని అందరూ చదువుతారు. మెసెల్సన్, స్టాల్ 1958లో దాన్ని ఎలా రుజువు చేశారో చూడండి. ఈ.కోలై బ్యాక్టీరియాను బరువైన నైట్రోజన్‌లో, అంటే ఎన్-15లో పెంచి, తర్వాత మామూలు ఎన్-14లోకి మార్చారు. ఒక తరం తర్వాత సెంట్రిఫ్యూజ్ చేస్తే ట్యూబులో డీఎన్ఏ అంతా మధ్యస్థ బరువుతో ఒకే పట్టీగా నిలిచింది. రెండో తరంలో రెండు పట్టీలు వచ్చాయి: ఒకటి మధ్యస్థం, ఒకటి తేలిక. ఆ బొమ్మ చూడకముందే, అప్పట్లో ప్రచారంలో ఉన్న మూడు ఊహల్లో (పాత అణువు చెక్కుచెదరకుండా ఉంటుంది; పాత పోగొకటి, కొత్త పోగొకటి; ప్రతి పోగులోనూ పాత, కొత్త ముక్కల కలగలుపు) ఒక్కోదానికి పట్టీలు ఎక్కడ రావాలో కాగితం మీద గీయండి. మొదటి తరంతో ఏ ఊహ పోయింది, రెండో తరం దాకా ఆగితే గానీ ఏది పోలేదు అన్నది తేల్చగలిగితే ఆ పాఠం ఇక మర్చిపోరు. జన్యు పదార్థం డీఎన్ఏనే అని చూపిన 1952 నాటి హెర్షీ, ఛేజ్ ప్రయోగాన్ని, 1961లో నీరెన్‌బర్గ్, మథాయ్ జన్యు సంకేతాన్ని విప్పడం మొదలుపెట్టిన ప్రయోగాన్ని కూడా ఇదే పద్ధతిలో చదవండి.

పుస్తకం ఒక్కటి చాలు. బేసిక్స్ బలహీనంగా ఉన్నాయనిపిస్తే ఓపెన్‌స్టాక్స్ వాళ్ల బయాలజీతో మొదలుపెట్టండి. ఆ దశ దాటితే ‘మాలిక్యులర్ బయాలజీ ఆఫ్ ద సెల్’ నాలుగో ఎడిషన్ అమెరికా ప్రభుత్వ జీవశాస్త్ర సమాచార సంస్థ అయిన ఎన్‌సీబీఐ బుక్‌షెల్ఫ్‌లో ఉచితంగా ఉంది. పేజీలు వరసగా తిప్పే వీలు లేదు, కావలసిన మాట వెతికి ఆ భాగం చదువుకోవాలి. అది 2002 నాటిది కదా అని టెన్షన్ వద్దు. క్రిస్పర్ జీన్ ఎడిటింగ్ లాంటివి అందులో ఉండవు గానీ, రెప్లికేషన్, ట్రాన్స్‌క్రిప్షన్ పునాదులకు ఢోకా లేదు. వీడియోలు చూడాలనిపిస్తే ఐబయాలజీలో శాస్త్రవేత్తలు తమ పనిని తామే చెబుతారు.

విద్యార్థులు ఎక్కువగా వదిలేసేది డేటాబేసులను. పరిశోధకులు రోజూ వాడేవే మీకూ అందుబాటులో ఉన్నాయి. ఎన్‌సీబీఐలో హెచ్‌బీబీ అనే మానవ జన్యువు తెరవండి. బీటా గ్లోబిన్ తయారయ్యేది దీని నుంచే. ప్రోటీన్‌కు కోడ్ చేసే భాగం ఇలా మొదలవుతుంది (మూడేసి అక్షరాలకు ఒక అమైనో ఆమ్లం): ఏటిజి, జిటిజి, సిఏటి, సిటిజి, ఏసిటి, సిసిటి, జిఏజి. ఆ చివరి జిఏజి కాస్తా జిటిజి అయితే గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వస్తుంది. సికిల్ సెల్ వ్యాధికి మూలం ఆ ఒక్క అక్షరమే. ఇక్కడ మీకో అనుమానం రావాలి. చాలా పుస్తకాలు దీన్ని ఆరో స్థానం అంటాయి, మీరు లెక్కపెడితే ఏడోది అవుతుంది. మొదటి మెథియోనిన్ (ఏటిజి) ప్రోటీన్ తయారవుతుండగానే తెగిపోతుంది కాబట్టి పాత పద్ధతిలో దాన్ని లెక్కించేవారు కాదు. ఇప్పటి పద్ధతిలో దాన్నీ కలుపుతారు. ఇలాంటి తిరకాసులు మీ చేత్తో మీరు విప్పుకోవాల్సిందే. తర్వాత అదే సీక్వెన్స్‌ను బ్లాస్ట్‌లో వేసి ఏయే జంతువుల్లో పోలికలున్నాయో చూడండి, ప్రైమర్-బ్లాస్ట్‌తో పీసీఆర్‌కు (డీఎన్ఏ ముక్కను లక్షల కాపీలు చేసే పద్ధతి) ప్రైమర్లు, అంటే కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు, డిజైన్ చేయండి. ప్రోగ్రామింగ్ కూడా కావాలనుకుంటే రోజలిండ్ అనే సైట్‌లో బయాలజీ లెక్కల్ని కోడ్ రాసి సాధించవచ్చు.

ఏఐ చాట్‌బాట్లను అర్థంకాని పేరా విడమరచడానికి వాడుకోండి, తప్పులేదు. అవి ఇచ్చిన రిఫరెన్సును మాత్రం వైద్య, జీవశాస్త్ర పేపర్ల జాబితా అయిన పబ్‌మెడ్‌లో వెతికి, ఉందని తేలాకే నమ్మండి. లేని పేపర్లను ఉన్నట్టు చెప్పడం వాటికి మామూలే. లెక్కలైతే మీరు చేశాకే వాటికి చూపించండి.

సర్టిఫికెట్ల కోసం కోర్సులు పోగేయకండి. ఇంటర్న్‌షిప్ కోసం ల్యాబుకు మెయిల్ రాసేటప్పుడు, ఒక జన్యువు మీద మీరు చేసిన పనిని రెండు పేజీల్లో రాసి జతచేయండి: ఏం వెతికారు, ఏ ప్రైమర్లు డిజైన్ చేశారు, ఎక్కడ అర్థం కాలేదు. ఆ ల్యాబు పనిచేస్తున్న జన్యువునే ఎంచుకుంటే ఇంకా మంచిది. మెయిల్ పంపేముందు వాళ్ల ఇటీవలి పేపర్ ఒకటి చదివి, అందులోని ఒక బొమ్మ గురించి ఒక ప్రశ్న అడగండి.