నొప్పి చేతిలో, చిక్కు మెడలో

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 44 ఏళ్లు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం. మూడు వారాలుగా మెడ నుంచి కుడి భుజం మీదుగా చేతిలోకి కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి దిగుతోంది, మధ్య వేలు తిమ్మిరిగా ఉంటోంది. పడుకుంటే నొప్పి ఎక్కువవుతోంది. చేయి ఎత్తి తల మీద పెట్టుకుంటే కాస్త నయం. మెడలో ఆరు, ఏడు పూసల మధ్య డిస్కు పక్కకు జరిగి నరాన్ని నొక్కుతోందని ఎమ్మారై రిపోర్టులో ఉంది. ఆపరేషన్ తప్పదని ఒకరు, మెడ విరిపించుకుంటే ఒక్క రోజులో పోతుందని మరొకరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఈ రెండు సలహాల్లో ఏదీ ఇప్పుడు మీకు అవసరం లేదు. మెడలో 7 పూసలు, 8 జతల నరాలు ఉంటాయి. ఆరు, ఏడు పూసల మధ్య డిస్కు జరిగినప్పుడు సాధారణంగా నలిగేది ఏడో నరం. అది చేతి వెనక భాగం మీదుగా మధ్య వేలి దాకా స్పర్శను అందిస్తుంది కనుక మీ తిమ్మిరి, మీ రిపోర్టు ఒకే మాట చెబుతున్నాయి. ఈ పొంతన చాలా ముఖ్యం. ఏ బాధా లేని వారికి ఎమ్మారై తీసినా, వయసు పెరిగే కొద్దీ డిస్కు ఉబ్బులు, అరుగుదల కనబడుతూనే ఉంటాయి. లక్షణాలతో సరిపోలని రిపోర్టును పట్టుకుని వైద్యం చేస్తే రోగికి ఒరిగేదేమీ ఉండదు. చేయి తల మీద పెట్టుకుంటే హాయిగా ఉండటానికి కారణం, ఆ భంగిమలో నరం మీద లాగుడు తగ్గడమే. అలా ఉపశమనం దొరుకుతున్నదంటే మూలం మెడలోనే ఉందని అర్థం కనుక, నొప్పి ఉన్న చోటనల్లా చేతికి మర్దనలు చేయించుకోవడం వల్ల పెద్దగా లాభం లేదు.

ఊరట కలిగించే సంగతి ఏమిటంటే, ఇలాంటి నొప్పి చాలామందిలో 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే బాగా తగ్గుతుంది. బయటికి పొడుచుకు వచ్చిన డిస్కు ముక్కను శరీరమే క్రమంగా కరిగించుకుంటుంది, నరం చుట్టూ ఉన్న వాపు కూడా తీస్తుంది. అయితే తిమ్మిరి అంత తొందరగా పోదు. నొప్పి పోయాక కూడా వేలి కొసన కొన్ని నెలలు మొద్దుబారినట్టు ఉంటే కంగారు పడనక్కర్లేదు.

ఈలోగా మంచానికి అతుక్కుపోవద్దు. బాధ మరీ ఎక్కువగా ఉంటే ఒకటి రెండు రోజుల విశ్రాంతి చాలు, ఆ తర్వాత రోజూ నడవండి. మెడ పట్టీ కొద్ది రోజులు హాయినిస్తుంది కానీ, వారాల తరబడి కట్టుకుంటే మెడ కండరాలు బలం కోల్పోతాయి. పడుకున్నప్పుడు మెడ పైకి లేవకుండా, కిందికి వాలకుండా ఉండే దిండు చూసుకుని, నొప్పి ఉన్న చేతి కింద మరో దిండు పెట్టుకోండి. ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మాట్లాడే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి.

తీవ్రత తగ్గాక ఒక వ్యాయామం మొదలుపెట్టవచ్చు. నిటారుగా కూర్చుని, చూపు ఎదురుగా నిలిపి, గడ్డం కిందికి వంచకుండా తలను నేరుగా వెనక్కి జరపండి. ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. చేస్తున్నప్పుడు నొప్పి వేళ్ల వైపు దిగితే వెంటనే ఆపాలి. అదే నొప్పి చేతిని వదిలి పైకి, మెడ వైపు కుదించుకుంటూ పోతే, మెడలో కాస్త ఎక్కువైనా సరే, అది మంచి సూచనే. మిగిలిన వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవడం మేలు. మెడను బలంగా తిప్పి విరిపించుకోవడం మాత్రం వద్దు. డిస్కు మరింత జరిగే ప్రమాదంతో పాటు, అరుదుగానైనా మెదడుకు వెళ్లే రక్తనాళం చిట్లి పక్షవాతం వచ్చే అవకాశం ఉంది.

ఐబుప్రొఫెన్, నాప్రొక్సెన్ వంటి మాత్రలు కొద్ది రోజులు వాడవచ్చు. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు వైద్యుణ్ని అడగకుండా ముట్టుకోకూడదు. నరాల నొప్పికని ప్రీగాబలిన్ విరివిగా రాస్తుంటారు. నడుము నుంచి కాలిలోకి దిగే సయాటికాలో అది ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగుగా పనిచేయలేదని 2017లో ఆస్ట్రేలియాలో జరిగిన పరీక్షలో తేలింది, మగత మాత్రం కలిగిస్తుంది. ఇప్పటికే వాడుతుంటే హఠాత్తుగా మానకుండా వైద్యుడు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. బి12 మాత్రలు ఆ విటమిన్ లోపం ఉన్నవారికే ఉపయోగం.

ఇక ఆపరేషన్ సంగతి. నొప్పి ఎంత ఉందన్నదాని కన్నా, బలం తగ్గుతోందా అన్నది నేను ముందు చూస్తాను. ఏడో నరం మోచేతిని చాచే కండరానికి బలమిస్తుంది కనుక, బరువైన తలుపును కుడి చేత్తో నెట్టి చూడండి, కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆన్చి లేచి చూడండి. ఎడమ చేతితో పోలిస్తే కుడిచేయి వదులుతున్నట్టుంటే కొద్ది రోజుల్లోనే వైద్యుడికి చూపించుకోవాలి. చొక్కా గుండీలు పెట్టుకోవడంలో తడబాటు, నడకలో తూలుడు, మూత్రం మీద అదుపు తప్పడం కనిపిస్తే వెన్నుపామే నలుగుతోందేమోనని అనుమానించి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉండటం వంటివి ఉన్నా ఆలస్యం పనికిరాదు. ఇవేవీ లేకుండా 12 వారాలు గడిచినా నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడవచ్చు. సయాటికా రోగులు 283 మందిపై నెదర్లాండ్స్‌లో జరిగి 2007లో వెలువడిన అధ్యయనంలో, ముందుగా ఆపరేషన్ చేయించుకున్నవారికి, ఆపరేషన్ చేయించుకోకుండా వేచి చూసినవారి కన్నా నొప్పి త్వరగా తగ్గినా, ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల పరిస్థితీ దాదాపు ఒకటే అయింది. అది నడుము విషయమే అయినా, తొందర పడనక్కర్లేదన్న మాట మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: నాకు ఏడో నెల. అర్ధరాత్రి బొటనవేలు, పక్కనున్న రెండు వేళ్లు మొద్దుబారి మెలకువ వస్తోంది, చేయి విదిలిస్తే తగ్గుతోంది. ఇది కూడా మెడ నరమేనా?

జవాబు: కాకపోవచ్చునమ్మా. చిటికెన వేలు బాగుండి, చేయి విదిలిస్తే తగ్గుతున్నదంటే మణికట్టు దగ్గర నరం ఒత్తుకుంటోందని అనుకోవాలి. గర్భిణుల్లో ఒంట్లో నీరు చేరడం వల్ల ఇది తరచుగా వస్తుంది, కాన్పు తర్వాత చాలామందికి తగ్గిపోతుంది. మణికట్టును వంచనివ్వకుండా నిటారుగా పట్టి ఉంచే పట్టీ రాత్రిపూట కట్టుకుని పడుకోండి. నొప్పి మాత్రలు మాత్రం మీకు మీరుగా వేసుకోవద్దు. పైన చెప్పిన ఐబుప్రొఫెన్ వంటివి ఈ నెలల్లో బిడ్డకు మంచివి కావు. ముఖం, చేతులు ఒక్కసారిగా బాగా వాచినా, తలనొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి రక్తపోటు చూపించుకోండి.