బియ్యం డబ్బాలో నవల

ప్రశ్న: మాది ఒంగోలు. నాకు 43 ఏళ్లు. మావారు చీమకుర్తిలో ఓ గ్రానైటు కంపెనీలో లెక్కలు చూస్తారు. అత్తగారు మాతోనే ఉంటారు. మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్తూ ఓ నవల ఇంట్లో మర్చిపోయింది. పది రోజుల సెలవుకు గోవా వెళ్లిన ఒకామెకు అక్కడ పరిచయమైన మనిషితో ప్రేమ. పచ్చిగా రాసిన పేజీలు చాలానే ఉన్నాయి. ఛీ అనుకుంటూనే రెండు రాత్రుల్లో పూర్తి చేశాను. ఆమె పొద్దెక్కేదాకా పడుకుని లేస్తే ఎవరో కాఫీ తెచ్చిచ్చే పేజీ మూడుసార్లు చదివాను. ఒకచోట ఆమె వద్దంటున్నా అతను వినడు. అదీ ప్రేమేనన్నట్టు రాశారు, రోత పుట్టింది. పుస్తకం బియ్యం డబ్బాలో దాచాను. మావారూ నేనూ దగ్గరై ఏడాది దాటింది. ఆయన్ని చూస్తే విసుగు, నన్ను చూసుకుంటే సిగ్గు. నేను చెడిపోయానా?

జవాబు: ముందు ఆ పుస్తకాన్ని బియ్యంలోంచి తీసేయండి. ఎసట్లోకి బియ్యం కొలిచేది మీ అత్తగారైతే ఇవాళో రేపో దొరికిపోతారు. బీరువాలో చీరల కింద పెట్టుకోండి, ఎవరూ అడగరు.

చెడిపోవడమేమీ లేదు. ఆడవాళ్లు శృంగారం రాయొచ్చా, చదవొచ్చా అన్న తగాదా మనకు పాతదే. కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనం’ని గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే, బూతని తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం ఎత్తేయించిందెవరో తెలుసా? మీ జిల్లాకు పేరిచ్చిన ప్రకాశం పంతులుగారే. ఆ పెద్దాయనకు లేని అభ్యంతరం మీకెందుకు?

మీ ఉత్తరంలో నన్ను ఆపింది వేరే మాట. అన్ని పచ్చి పేజీలుండగా మీరు మూడుసార్లు చదివింది కాఫీ పేజీ. మీకు ఆ మనిషి మీద కన్నా ఆ పది రోజుల సెలవు మీదే కన్ను పడిందని నా అనుమానం. మీరు చివరిసారి సముద్రానికి వెళ్లిందెప్పుడో రాయలేదు. బహుశా కార్తీకమాసంలో కొత్తపట్నం వెళ్లి ఉంటారు. తెల్లారుజామున లేచి పులిహోర కలిపి, పన్నెండు మందికి వడ్డించి, సాయంత్రానికి ఇసక పట్టిన గిన్నెలు ఇంటికి తెచ్చి తోముకుని ఉంటారు. దాన్ని సెలవనరు.

మీవారి మీద విసుగులో సగం అక్కడిదే. నవల్లో మగాడికి నెలాఖరు లెక్కలుండవు, షుగరుండదు, పదకొండో రోజూ ఉండదు. అతనితో పోల్చి ఈయన్ని సాధించకండి. ఏడాదిగా దూరమెందుకొచ్చిందో మాత్రం అడగండి. మీ వయసులో నెలసరి అటూఇటూ అయ్యేటప్పుడు పొడిబారి, కలయిక నొప్పిగా ఉండటం మామూలే. గైనకాలజిస్టుకు చెబితే మందుంది. మగవాళ్లకు షుగరు వల్ల, కొన్ని బీపీ మాత్రల వల్ల పట్టు తగ్గొచ్చు. ఆ మాట పెళ్లాంతో చెప్పలేక చాలామంది అటు తిరిగి పడుకుంటారు. దానికీ డాక్టర్లున్నారు, అలిగి కూర్చుంటే తేలేది కాదు.

వద్దన్నా వినని చోట మీకు పుట్టిన రోతను మాత్రం ఆ సిగ్గుతో కలిపేయకండి. అది సరైన కోపం. అమ్మాయి వచ్చినప్పుడు పుస్తకం తిరిగిస్తూ ఆ పేజీ గురించే మాట్లాడండి. ‘నేనూ చదివానే, ఇక్కడ వాడి చెంప పగలగొట్టాల్సింది’ అనండి. అమ్మ చదివిందా అని పిల్ల ఓ నిమిషం నోరెళ్లబెడుతుంది. పరవాలేదు. రేపు తనకే అలాంటి ఇబ్బంది ఎదురైతే మీ దగ్గరికొచ్చి చెప్పడం తేలికవుతుంది.

ఈ ఆదివారం అత్తగారికి ఎవరినైనా తోడు పెట్టి, మీరిద్దరే కొత్తపట్నం వెళ్లండి. బండి మీద గంట కూడా పట్టదు. అక్కడి అలలను నమ్మొద్దు, లోపలికి దిగకుండా ఒడ్డునే నడవండి. కాళ్లు నొప్పి పుడితే ఇసకలో కూచుని, టీ ఆయన్నే తెమ్మనండి. పులిహోర మాత్రం కలపొద్దు.