సీల్ పిల్ల తెల్లబొచ్చు చలిని ఎలా ఆపుతుంది? డాల్డా, దూదితో చూపించడం ఎలా?

ప్రశ్న: మాది విజయనగరం. మా పాప ఎనిమిదో తరగతి. మంచు మీద పుట్టిన సీల్ పిల్ల చలికి ఎందుకు చచ్చిపోదో సైన్స్ ఫెయిర్‌లో చూపిస్తానంటోంది. తెల్ల వెంట్రుకలు గాజు గొట్టాల్లా ఎండను చర్మం దాకా మోసుకెళ్తాయని చదివిందట. చార్టు మీద అది రాయొచ్చా? దూదితో ఏదైనా చేసి చూపించొచ్చా?

జవాబు: గాజు గొట్టాల ముచ్చట చార్టు మీదకి ఎక్కించకండి. అది ధ్రువపు ఎలుగుబంటి గురించి పుట్టిన కథ. ఆ వెంట్రుకలోకి దిగిన కాంతి కొద్ది దూరంలోనే ఇంకిపోతుందని డానియెల్ కూన్ అనే అమెరికా భౌతికశాస్త్రవేత్త 1998లో కొలిచి చూపించారు. సీల్ పిల్ల బొచ్చు సందుల్లోంచి కొంత ఎండ చర్మానికి తగులుతుంది, అది నిజమే. కానీ దాన్ని కాపాడేది ముఖ్యంగా ఆ బొచ్చులో చిక్కుకుని కదలకుండా ఉన్న గాలి.

వేడిని వదలడంలో కదలని గాలి పరమ పిసినారి. దాని ఉష్ణవాహకత (వేడిని ఎంత తేలిగ్గా పోనిస్తుందో చెప్పే అంకె, వాట్/మీటర్-కెల్విన్‌లలో) సుమారు 0.025. కొవ్వుది 0.2కి అటూ ఇటూ, నీటిది 0.6. అంటే నీరు గాలికంటే 24 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. మొత్తం కథ ఈ మూడు అంకెల్లోనే ఉంది, చార్టు మీద పెద్దగా రాయించండి.

తెల్లబొచ్చు ఫొటోల్లో ఎక్కువగా కనబడేది హార్ప్ సీల్ పిల్ల. ఉత్తర అట్లాంటిక్‌లో తేలే మంచు పలకల మీద, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుడుతుంది. బరువు 11 కిలోల దాకా ఉంటుంది, చర్మం కింద కొవ్వు మాత్రం దాదాపు సున్నా. అప్పటికి దానికున్న దుప్పటి లానుగో అనే ఆ పొడవాటి మెత్తని బొచ్చే. నెలలు నిండకుండా పుట్టిన పసిబిడ్డల భుజాల మీద కనబడే నూగు కూడా ఇదే జాతిది. పుట్టినప్పుడు ఉమ్మనీటి మరకతో పసుపుపచ్చగా ఉంటుంది, రెండు మూడు రోజులకి తెల్లబడుతుంది. తడి ఆరేలోగా పిల్ల వణికి వేడి పుట్టించుకుంటుంది, లోపలున్న గోధుమరంగు కొవ్వును కూడా మండిస్తుంది. గోధుమరంగు కొవ్వు పొయ్యిలో కట్టె లాంటిది. తర్వాత చర్మం కింద పేరుకునే తెల్ల కొవ్వు గోడ లాంటిది. పిల్లలు ఈ రెండూ కలిపేస్తుంటారు, చూసుకోండి.

ఆ గోడ కట్టేది తల్లి పాలు. గేదె పాలలో వెన్న 7 శాతం ఉంటే మనం సంబరపడతాం. హార్ప్ సీల్ పాలలో అది 40 శాతం దాటుతుంది. పిల్ల రోజుకి రెండు కిలోల పైన పెరిగి, సుమారు 12 రోజులకే 35 కిలోలకు దగ్గరవుతుంది. అక్కడితో తల్లి వదిలి వెళ్ళిపోతుంది. తెల్లబొచ్చు ఊడడం కూడా ఆ రోజుల్లోనే మొదలవుతుంది. ఈత నేర్వాల్సిన పిల్లకి ఆ బొచ్చు దండగ. నీళ్లలో దిగితే వెంట్రుకల మధ్య గాలి పోయి నీరు చేరుతుంది, వానకు తడిసిన కోడిపిల్ల నూగులాగే.

అన్ని సీల్స్‌దీ ఇదే దారి అని రాయకండి. హార్బర్ సీల్ పిల్ల లానుగోను తల్లి కడుపులోనే వదిలేస్తుంది, పుట్టిన కొన్ని గంటల్లోనే ఈదుతుంది. ఫర్ సీల్స్ పెద్దయ్యాక కూడా ఒత్తు బొచ్చునే నమ్ముకుంటాయి.

ఇక ప్రయోగం. ఒకే సైజు స్టీలు గ్లాసులు మూడు, సుమారు 6 సెంటీమీటర్ల వెడల్పువి. ఒకటి ఉత్త గ్లాసు. రెండో దానికి మందుల షాపు దూది పాతిక గ్రాములు పొంగేలా విదిలించి, చుట్టూ అడుగునా 3 సెంటీమీటర్ల మందం పేర్చి, గాజుగుడ్డ చుట్టి వదులుగా దారం కట్టాలి. బిగించి కడితే గాలి బయటికి పోతుంది, దాంతో ప్రయోగమూ పోతుంది. బూరుగు దూది వద్దు. దాని మీద సహజంగా మైనం ఉంటుంది, నీళ్లలో ముంచినా తొందరగా తడవదు. పరుపు దూదిదీ కొంత అదే గోల.

మూడోది కొవ్వు గ్లాసు. 10 సెంటీమీటర్ల వెడల్పున్న ప్లాస్టిక్ డబ్బాలో కరిగించిన డాల్డా రెండు సెంటీమీటర్లు పోసి, గడ్డకట్టాక మధ్యలో గ్లాసు పెట్టి, చుట్టూ మిగతాది పోయాలి. మొత్తం అర కిలో పడుతుంది. ఫ్రిజ్‌లో గట్టిపరిస్తే మంచిదే, కానీ ప్రయోగానికి రెండు గంటల ముందే బయట పెట్టండి. చల్లటి డాల్డా లోపలి నీళ్ల వేడిని తానే మింగేస్తుంది. పాప దాన్ని చూసి కొవ్వు పనికిరాదని రాసేస్తుంది.

గ్లాసుకి 100 మిల్లీలీటర్ల నీరు, 38 డిగ్రీల దగ్గర. డాల్డా గ్లాసులో మాత్రం మొదటి నీరు పది నిమిషాలుంచి పారబోసి మళ్ళీ పోయాలి. స్టీలు పక్కన కాస్త మెత్తబడితే ఫర్వాలేదు. 60 డిగ్రీల నీరు పోస్తే డాల్డా కరిగి లోపలే తిరుగుతూ వేడిని బయటికి మోస్తుంది. మూతలు థర్మాకోల్‌వి, థర్మామీటరు దూరేంత కన్నంతో. మూత లేకపోతే ఆవిరితోనే చాలా వేడి పోతుంది. జ్వరం థర్మామీటరు పనికిరాదు, 35 కిందికి చూపించదు.

మొదటి విడత గాలిలో. చేపల మార్కెట్లో దొరికే థర్మాకోల్ పెట్టె అడుగున ఐసు పరిచి, పైన పెంకు ముక్కల మీద గ్లాసులు నిలపండి. పెట్టె మూతకీ కన్నాలు పెట్టి, తెరవకుండానే అయిదేసి నిమిషాలకు చూసి రాయండి, అరగంట సేపు. ఇక్కడ దూది గెలుస్తుంది. చదును పొరల లెక్కన చూస్తే, 3 సెంటీమీటర్ల పొడి దూది ఆపినంత వేడిని ఆపాలంటే డాల్డా సుమారు 13, 14 సెంటీమీటర్లు కావాలి.

రెండో విడత ఐసు నీళ్ల బకెట్లో, కొత్తగా 38 డిగ్రీల నీరు పోసి. గ్లాసు అంచుకి అంగుళం కింద వరకే నీరుండాలి. దూదిని ముందే పూర్తిగా తడపండి. డాల్డా డబ్బా తేలి ఒరుగుతుంది, మూత మీద రాయి పెట్టాలి. (కొవ్వు పట్టిన సీల్ కూడా ఇలాగే తేలుతుంది.) కొలిచే ప్రతిసారీ బకెట్ నీళ్లు కలపండి, లేకపోతే గ్లాసు చుట్టూ గోరువెచ్చని పొర నిలబడి లెక్క తప్పుతుంది. చేపలవాళ్ళ ఐసులో ఉప్పు కలిసి ఉంటే నీరు సున్నా కిందికి పోతుంది, ముందు కడిగేయండి. ఈసారి దూది గ్లాసు ఉత్త గ్లాసు వెనకాలే చల్లబడుతుంది. డాల్డా గ్లాసు గాలిలోకంటే కాస్త తొందరగా చల్లబడినా, ఆ రెండిటికంటే మెల్లగానే చల్లబడుతుంది.

రెండు విడతల గీతలూ ఒకే గ్రాఫు మీద గీయించండి, అప్పుడే తేడా కంటికి తగులుతుంది. చేపల పెట్టె మాత్రం ముందురోజే కడిగి ఎండలో పెట్టండి, లేకపోతే మీ స్టాలు దగ్గరికి జడ్జీలకంటే ముందు పిల్లులు వస్తాయి.