ఉంగరం దొరికిన తర్వాత

ప్రశ్న: మా అత్తగారి వయసు 78 ఏళ్లు. అల్జీమర్స్ అని రెండేళ్ల కిందట వైద్యులు నిర్ధారించారు. భోజనం చేసి చేయి కడుక్కున్న కాసేపటికే ‘ఇవాళ నాకు అన్నం పెట్టరా?’ అని అడుగుతారు. 9 ఏళ్ల మా పాపను, ఎప్పుడో చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలుస్తారు. పాప కోసం నేనొక మాయాకథ రాస్తున్నాను. అందులో ఒక మాంత్రికుడు నాయనమ్మ జ్ఞాపకాలను ఉంగరంలో బంధించి చెరువులో పడేస్తాడు. మనవరాలు దాన్ని చేప కడుపులోంచి తెచ్చి తొడగగానే నాయనమ్మకు అన్నీ గుర్తుకొస్తాయి. ఈ ముగింపు సరైనదేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చేప కడుపులో ఉంగరం అనగానే శకుంతల గుర్తుకొస్తుంది. (వ్యాసభారతంలోని శకుంతల కథలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు, అవి కాళిదాసు నాటకంలోనివి.) మరుపు శాపమైతే దానికి విమోచనం కూడా ఉంటుందన్న నమ్మకం మనలో ఎంతగా నాటుకుపోయిందంటే, మీ కలమూ ఆ దారినే పట్టింది. అయితే జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో ఈ జబ్బును వివరించిన నాటి నుంచి నేటి దాకా దీన్ని పూర్తిగా నయం చేసే మందు రాలేదు. మీ కథ విన్న పాప మరునాడు నాయనమ్మ దగ్గరికి పరుగెత్తుకు వెళితే, ఆమె మళ్లీ చెల్లెలి పేరుతోనే పిలుస్తారు. కథలోని మనవరాలు గెలిచింది గనుక ఓడిపోయింది తానేనని ఆ పసిమనసు అనుకోవచ్చు. ముగింపు మార్చండి. మాంత్రికుణ్ణి కూడా తీసేయండి. దొంగ ఉన్నాడంటే పిల్లలు దొంగను వెతుకుతారు, ఒక్కోసారి ‘నా అల్లరి వల్లే ఇలా అయింది’ అని తమలోనే వెతుక్కుంటారు.

మాయ వద్దని కాదు. ఈ జబ్బులో సాధారణంగా ముందుగా దెబ్బతినే వాటిలో ఒకటి, కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం. అందుకే ఇందాకటి భోజనం జారిపోతుంది గాని, 70 ఏళ్ల కిందటి పెరడూ నూతిపళ్లెమూ చాలాకాలం నిలిచి ఉంటాయి. మాయాలోకం మీ ఇంట్లోనే ఉందన్నమాట! నాయనమ్మ పుట్టింటికి ఒక తలుపు ఉందనుకోండి. అది దీపాలు పెట్టే వేళకు తెరుచుకుంటుంది, ఎందుకంటే ఈ జబ్బున్న చాలామందికి కలవరం పెరిగేది ఆ వేళకే. చీర మూటగట్టుకొని ‘మా నాన్న ఎదురుచూస్తుంటాడు’ అంటూ గేటు దగ్గర నిలబడ్డ నాయనమ్మ చేయి పట్టుకొని మనవరాలు ఆ తలుపు దాటుతుంది. అక్కడ ఆమె నిజంగానే నాయనమ్మ చెల్లెలు. ఆ పేరుకు పలకవచ్చు, కలిసి చింతకాయలు రాల్చుకోవచ్చు. నియమం ఒక్కటే: ‘అది కాదు, మీరు మరిచిపోయారు’ అన్న మాట ఎవరి నోట వచ్చినా తలుపు మూసుకుపోతుంది. అలసిపోయిన అమ్మ ఒకనాడు ఆ మాట అనేసి, తర్వాత వంటింట్లో కళ్లు తుడుచుకోవడం కూడా కథలో ఉండనివ్వండి. పాప దాన్ని ఎలాగూ చూస్తూనే ఉంటుంది.

ఉంగరాన్ని మాత్రం వదులుకోకండి. నాయనమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది మా అమ్మది’ అని మనవరాలి వేలికి తొడిగి, వదులుగా ఉంటే దారం చుట్టి బిగించి, ‘ఇంతకీ ఎవరి పిల్లవమ్మా నువ్వు?’ అని అడగాలి. ఆ జవాబు రాయకుండా వదిలేయండి. చదివి వినిపించేటప్పుడు అక్కడ ఆగి, మీ పాపనే చెప్పమనండి.